రంగుల్లో యుద్ధం, నలుపు తెలుపుల్లో ఇల్లు

మొదటి ప్రపంచ యుద్ధం. 1916 జులై 1, పొద్దున్నే. ఫ్రాన్సులో బోమాం హామెల్ అనే పల్లె ముందున్న ఒక పల్లపు బాటలో లాంకషైర్ ఫ్యూజిలియర్స్ పటాలం వాళ్లు గట్టుకు చేరగిలబడి కూర్చున్నారు. జెఫ్రీ మాలిన్స్ అనే అధికారిక కెమెరామన్ అక్కడికి వెళ్లి వాళ్లను ఫిల్ముకెక్కించాడు. కొందరు నవ్వారు. కొందరు ఎటో చూస్తున్నారు. ఒకరిద్దరు మాత్రం కెమెరాకేసి రెప్ప వేయకుండా చూశారు. 7.20కి పక్కనున్న హాథార్న్ గుట్ట కింద పెట్టిన మందుపాతర పేలింది. 7.30కి దాడి మొదలైంది, దాంతోపాటే సోమ్ యుద్ధం. గట్టెక్కి పొలంలోకి అడుగుపెట్టిన ఆ పటాలాన్ని జర్మన్ మెషిన్‌గన్లు నరికేశాయి. ఆ ఒక్క రోజు బ్రిటిష్ సైన్యం నష్టం 57,470 మంది. అందులో చనిపోయినవాళ్లు 19,240.

ఆ మొహాలను జనం రెండుసార్లు పెద్దఎత్తున చూశారు. మొదటిసారి 1916 ఆగస్టులో, సోమ్ యుద్ధం ఇంకా నడుస్తుండగానే. ‘ద బ్యాటిల్ ఆఫ్ ద సోమ్’ పేరుతో విడుదలైన ఆ సినిమాకు బ్రిటన్‌లో ఆరు వారాల్లో దాదాపు 2 కోట్ల టిక్కెట్లు తెగాయి. యుద్ధానికి జనం వెన్నుదన్ను కూడగట్టడం దాని పని. రెండోసారి 2018లో, న్యూజిలాండ్ దర్శకుడు పీటర్ జాక్సన్ తీసిన ‘దే షల్ నాట్ గ్రో ఓల్డ్’ డాక్యుమెంటరీలో. ఈసారి అవే మొహాలు రంగుల్లో, మనం రోజూ చూసే మనుషుల్లా కదులుతూ కనిపించాయి. మొదటిసారి చూసినవాళ్లలో చాలామందికి అందులో ధైర్యం కనిపించి ఉంటుంది. మనకు కనిపించేది భయం. ఫిల్ము మారలేదు, మాలిన్స్ తీసిందే.

సైనికులు యుద్ధానికి ఉత్సాహంగా వెళ్లి, విసిగి, విరిగి, మౌనంగా తిరిగొచ్చారని ఈ డాక్యుమెంటరీ చూపిస్తుందని దాదాపు అందరూ రాస్తారు. చూపిస్తుంది, నిజమే. కానీ ఆ మార్పు ఎవరిలో వచ్చింది, ఎప్పుడు వచ్చింది, దాన్ని తెర మీద ఎవరు అల్లారు అని అడిగితే చిక్కుముడి మొదలవుతుంది. యుద్ధ డాక్యుమెంటరీలు చూసే అలవాటున్నవాళ్లకు ఈ ముడి విప్పడం చేతనైతే మిగతా సినిమాలు కూడా వేరుగా కనిపిస్తాయి.

ముందు సరుకు సంగతి. ఈ సినిమాకు లండన్‌లోని ఇంపీరియల్ వార్ మ్యూజియం నుంచి దాదాపు 100 గంటల పాత ఫిల్ము, ఆ మ్యూజియం, బీబీసీల దగ్గరున్న దాదాపు 600 గంటల గొంతు రికార్డింగులు జల్లెడ పట్టారు. ఆ రికార్డింగుల్లో మాట్లాడినవాళ్లు 200 మంది మాజీ సైనికులు. 99 నిమిషాల సినిమాలో వ్యాఖ్యాత లేడు, చరిత్రకారుడు లేడు, తెర మీద తేదీలు, ఊళ్ల పేర్లు లేవు. ఎవరు మాట్లాడుతున్నారో కూడా చెప్పరు. పేర్లన్నీ చివర్లో వరసగా వస్తాయి. ఒక గొంతు ఒక వాక్యం చెప్పి ఆగుతుంది, ఇంకో గొంతు అందుకుంటుంది. కాసేపటికి ఇంతమంది కలిసి ఒక్కడి కథ చెబుతున్నట్టు అనిపిస్తుంది. అలా అనిపించడం కోసమే చేశారు.

ఇందులో బొమ్మ 1914 నుంచి 1918 మధ్యది. గొంతు ఎప్పటిది? బీబీసీ 1964లో ప్రసారం చేసిన 26 భాగాల ‘ద గ్రేట్ వార్’ ధారావాహిక కోసం రికార్డు చేసినవి కొన్ని. మ్యూజియం 1972లో ధ్వని విభాగం పెట్టాక తీసుకున్నవి కొన్ని. అంటే మాట్లాడేటప్పటికి వాళ్ల వయసు 65 దాటింది, కొందరికి 80 దాటింది. తెర మీద కనిపించే కుర్రాడికి 19 ఏళ్లు, వినిపించే గొంతుకు 75. ఈ రెంటినీ కలిపిన కత్తెర 2018ది. మూడు కాలాలు ఒకే ఫ్రేములో కూర్చుంటే మన చెవి వాటిని విడదీయదు. ఆ కుర్రాడే ఆ క్షణంలో తన మనసులో మాట చెబుతున్నట్టు వింటుంది.

మారింది ఒక మనిషా, గుంపా?

కథ నడక ఇలా ఉంటుంది. 1914 ఆగస్టులో యుద్ధమంత్రి కిచెనర్ లక్షమంది కావాలని పిలుపిస్తాడు. కుర్రాళ్లు క్యూ కడతారు. 19 నిండితేనే విదేశానికి పంపాలని నిబంధన. 16, 17 ఏళ్ల పిల్లలు వచ్చి అసలు వయసు చెబితే, బయటికెళ్లి ఓ పుట్టినరోజు చేసుకుని రారా అని సార్జెంటు కన్ను గీటుతాడు. కొందరికి దేశం, కొందరికి తోటి కుర్రాళ్లు, కొందరికి విసుగు పుట్టించే కొలువు నుంచి విడుదల. యూనిఫారం లేకుండా వీధిలో కనిపించిన మగవాడి చేతిలో పిరికితనానికి గుర్తుగా తెల్ల ఈక పెట్టే ఆడవాళ్ల బెడద ఇంకో పక్క. తర్వాత శిక్షణ, బూట్లు ఒరుసుకుని పుండ్లు, కొందరికి ఇంట్లో ఎన్నడూ దొరకనంత తిండి. తర్వాత ఓడ, ఫ్రాన్సు, కందకాలు. పేలు, ఎలుకలు, బురద. వికర్స్ మెషిన్‌గన్ వేడెక్కకుండా గొట్టం చుట్టూ దాదాపు 4 లీటర్ల నీళ్లు పోస్తారు. గుళ్లు కాల్చి ఆ నీళ్లు మరగ్గానే టీ పెట్టుకున్న సంగతి కూడా వస్తుంది. ఆ తర్వాత దాడి, శవాలు, ఖైదీలు, యుద్ధవిరమణ, ఇల్లు.

వరస చూస్తే ఒక మనిషి మనసు మెట్టు మెట్టుగా మారినట్టే ఉంటుంది. కానీ 10వ నిమిషంలో ఉత్సాహంగా మాట్లాడినవాడు, 70వ నిమిషంలో చేదుగా మాట్లాడినవాడు వేర్వేరు మనుషులు కావచ్చు. మొదటివాడు చివరిదాకా అదే ఉత్సాహంతో ఉండి ఉండొచ్చు. రెండోవాడు మొదటి రోజు నుంచే యుద్ధాన్ని అసహ్యించుకుని ఉండొచ్చు. పేర్లు తీసేశారు కాబట్టి ఒక్క మనిషినైనా మొదటి నుంచి చివరిదాకా వెంబడించి చూసే వీల్లేదు. మార్పు అనేది ఇక్కడ ఒక కల్పిత సగటు సైనికుడికి జరిగింది. అబద్ధమని అనడం లేదు. చాలామందికి జరిగిందే. అయితే అది రుజువైంది సాక్ష్యం వల్ల అనుకుంటున్నాం. నిజానికి ఆ నమ్మకం వాక్యాలు పేర్చిన వరస వల్ల వచ్చింది.

సినిమా దీన్ని పూర్తిగా దాచిపెట్టిందని అనలేం. మొట్టమొదటి నిమిషాల్లోనే ముసలి గొంతులు తమ మొత్తం అనుభవాన్ని వెనక్కి చూసి తీర్పు చెబుతాయి. దానికి విచారించడం లేదని, అవకాశమొస్తే మళ్లీ వెళ్తామని, అది తమను మగవాళ్లను చేసిందని అనేవాళ్లు అందులో ఉన్నారు. ఇంత జరిగాక కూడా అలా అన్నారంటే ‘ఉత్సాహం నుంచి నిరాశ’ అనే గీత వాళ్లకు సరిపోదు. ఆ మాటలు చివర్లో పెట్టి ఉంటే సినిమా ఇంకో సినిమా అయ్యేది. మొదట్లో పెట్టడంతో, ఇంకా యుద్ధం చూడని అమాయకుల మాటల్లా చెవిన పడి, గంట గడిచేసరికి మరుపున పడతాయి. నా దృష్టిలో ఈ సినిమాలో ఎడిటింగ్ తీసుకున్న అతి పెద్ద నిర్ణయం రంగులద్దడం కాదు, ఇదే.

గొంతులు వినేటప్పుడు ఒక పని చేయొచ్చు. ‘అప్పుడు అనుకున్నాం’ అనే మాటను, ‘ఇప్పుడు తలచుకుంటే’ అనే మాటను వేరుగా గుర్తుపెట్టుకోవాలి. మొదటిది కుర్రాడి వైఖరిని ముసలాయన గుర్తుచేసుకోవడం. రెండోది ముసలాయన సొంత వైఖరి. సర్వనామాలు కూడా బయటపెడతాయి. సరదా సంగతులు చెప్పేటప్పుడు ‘నేను’ గట్టిగా వినిపిస్తుంది. దాడి దగ్గరికొచ్చేసరికి ‘మేము’ అవుతుంది. చావుల దగ్గర, ఎవరైనా అంతే చేస్తారన్నట్టు, మనిషే మాయమైపోయే వాక్యాలు వస్తాయి. బతకడని తెలిసిన తోటివాణ్ని బాధ చూడలేక తానే కాల్చేశానని చెప్పే ఒకాయన మాత్రం ‘నేను’ దగ్గరే నిలబడతాడు. గొంతు పూడుకుపోతుంది. ఇన్నేళ్ల తర్వాత కూడా అది ‘ఎవరైనా’ కాలేకపోయింది.

మొహాలు ఏం చెబుతాయి, ఏం చెప్పవు

ఆనాటి కెమెరాల్లో చాలావాటికి మోటారు లేదు, చేత్తో తిప్పాలి. ఒక్కసారి తిప్పితే 8 ఫ్రేములు, అంటే 8 విడి బొమ్మలు. సెకనుకు రెండుసార్లు తిప్పితే 16. కెమెరామన్ అలసినా, కంగారుపడినా, ఫిల్ము మిగుల్చుకోవాలనుకున్నా వేగం తగ్గేది. అందుకే పాత ఫిల్ములో సెకనుకు 10 నుంచి 18 దాకా ఫ్రేములు కనిపిస్తాయి, ఒకే రీలులో కూడా తేడాలుంటాయి. తర్వాతి కాలంలో టీవీ వాళ్లు, సినిమా వాళ్లు దాన్ని సెకనుకు 24 చొప్పున తిప్పేశారు. 16లో తీసినది 24లో ఆడితే ఒకటిన్నర రెట్లు వేగం. పది నిమిషాల కవాతు ఆరు నిమిషాల నలభై సెకన్లలో అయిపోతుంది. సైనికులు మూకీ కామెడీలో పాత్రల్లా గబగబా గెంతుతారు. మూడు తరాల వాళ్లు మొదటి ప్రపంచ యుద్ధ సైనికుణ్ని ఇలాగే చూశారు. అలా గెంతే మొహంలో విచారం ఎలా కనిపిస్తుంది?

జాక్సన్ బృందం ప్రతి షాటుకూ అసలు వేగం ఎంతో కనిపెట్టి, మిగిలిన ఫ్రేములను కంప్యూటర్‌తో తయారుచేసింది. సెకనుకు 13 ఫ్రేములున్న షాటును 24కు తేవాలంటే ప్రతి సెకనుకూ 11 కొత్త ఫ్రేములు పుట్టించాలి. అంటే ఆ షాటులో దాదాపు సగం ఫ్రేములను 1916 నాటి కెమెరా చూడనే లేదు. ముందూ వెనకా ఫ్రేములను బట్టి లెక్కగట్టినవి. ఫలితం అద్భుతం. బుజాలు వంగడం, కన్ను పక్కకు తిరగడం, నవ్వు మెల్లగా ఆరిపోవడం తెలుస్తాయి. సైనికుడి వైఖరి గురించి మనం మాట్లాడగలుగుతున్నామంటే ముందు ఈ లెక్కల పని జరిగింది కాబట్టే. అయితే లెక్క తప్పిన చోట్ల బుగ్గ, మీసం మైనంలా సాగినట్టు ఉంటాయి. అలాంటి షాటులో కళ్లలో భావం చదవడానికి పూనుకోకపోవడం మంచిది.

ఇంకో చిక్కు. ఆ కుర్రాళ్లలో చాలామంది సినిమా కెమెరాను అంత దగ్గరగా చూడటం అదే మొదలు. ఫొటో స్టూడియోలో కదలకుండా నిలబడటం తెలుసు. అందుకే కొందరు కదలకుండా బిగుసుకుపోతారు. కొందరు పక్కవాణ్ని పొడిచి పళ్లికిలిస్తారు, టోపీ ఊపుతారు. అది యుద్ధం పట్ల వైఖరి అనుకోకూడదు. కెమెరా పట్ల వైఖరి. పైగా తీసినవాడు యుద్ధశాఖ అనుమతితో తిరుగుతున్నాడు, తీసినది సెన్సారుకు వెళ్తుంది. ఏడుస్తున్న సైనికుడి దగ్గర అతను కెమెరా దించాడా లేదా అనేది మనకు కనిపించదు.

రంగుల సంగతికొస్తే, మొదటి దాదాపు 25 నిమిషాలు తెర మధ్యలో చిన్న చతురస్రంలో నలుపు తెలుపు బొమ్మ ఆడుతుంది. దళం యుద్ధరంగం చేరగానే చతురస్రం పెరిగి తెరంతా నిండుతుంది, రంగులు పూస్తాయి, శబ్దం వస్తుంది. హాల్లో చూసినవాళ్లు ఆ క్షణాన్ని మరిచిపోరు. చివర్లో సైనికులు ఇంటికొచ్చేసరికి రంగు మళ్లీ పోతుంది, బొమ్మ మళ్లీ చిన్నదవుతుంది. దీన్ని సాంకేతిక ప్రదర్శనగా మెచ్చుకుని ఊరుకుంటే అసలు సంగతి జారిపోతుంది. ఇల్లు వెలిసిపోయిన బొమ్మ, యుద్ధం నిండు జీవితం అని ఆ ఏర్పాటు చెబుతోంది. నాలుగేళ్లు కందకాల్లో గడిపిన 22 ఏళ్ల కుర్రాడికి లోకం నిజంగా అలా కనిపించి ఉండొచ్చు. యుద్ధం నరకమని గొంతులు చెబుతుంటే, నువ్వు బతికింది అక్కడే అని రంగులు చెబుతాయి. సైనికుల వైఖరిలోని ఆ మెలికను మాటల్లో ఎవరూ చెప్పలేదు, చెప్పినా నమ్మబుద్ధి కాదు.

ఆ రంగులు ఊహించి వేసినవి కావు. జాక్సన్‌కు ఆనాటి యూనిఫారాలు, ఆయుధాల సొంత సేకరణ ఉంది. ఖాకీ ఛాయలు వాటిని చూసి పట్టుకున్నారు. యుద్ధం జరిగిన చోట్ల గడ్డి రంగు, మట్టి రంగు ఫొటోలు తీసి పోల్చుకున్నారు. శబ్దం మాత్రం పూర్తిగా కొత్తది. 1916లో కెమెరాకు చెవుల్లేవు. పెదవుల కదలికను బట్టి మాటలు చదివే నిపుణులను పెట్టి సైనికులు ఏమంటున్నారో రాబట్టారు. బుజం మీది గుర్తులను బట్టి ఏ ప్రాంతం పటాలమో చూసి, ఆ యాస ఉన్న మనుషులతో పలికించారు. ఫిరంగుల మోత కోసం న్యూజిలాండ్ సైన్యం పేల్చిన గుళ్ల శబ్దాలు రికార్డు చేశారు. ఇదంతా నిజాయితీగా చేసిన పనే, దాన్ని దాచుకోలేదు. కానీ మొహానికి మాట తోడయ్యాక ఆ మొహం మరో రకంగా కనిపించదు. చూడాలనుకున్నవాళ్లు ఒక ఐదు నిమిషాల ముక్కను ముందు శబ్దం ఆపేసి, తర్వాత కళ్లు మూసుకుని శబ్దంతో, మూడోసారి రెండూ కలిపి చూడండి. ఒకే ముక్కలో మూడు రకాల సైనికులు బయటికొస్తారు.

అసలు దాడి దగ్గర సినిమాకు పెద్ద గొయ్యి ఎదురైంది. ముక్కాలి స్టాండు మీద నిలిపిన బరువైన కెమెరాతో, దూరాన్ని దగ్గరికి లాగే లెన్సులు లేకుండా, ఎదురెదురు పోరును ఎవరూ తీయలేదు, తీసి బతకలేరు కూడా. 1916 సినిమాలో కందకం ఎక్కి దూకే ప్రసిద్ధ దృశ్యం, ఎక్కబోతూ ఒకడు వెనక్కి జారిపడేది, యుద్ధరంగం వెనకున్న శిక్షణ కేంద్రంలో నటింపజేసి తీసినదే. జాక్సన్ ఈ గొయ్యిని ‘ద వార్ ఇలస్ట్రేటెడ్’ అనే ఆనాటి వారపత్రికలోని బొమ్మలతో పూడ్చాడు. మధ్యమధ్య బతికున్న కుర్రాళ్ల మొహాలు, వెంటనే రంగుల్లో శవాలు, మళ్లీ మొహాలు వేశాడు. ఈ మొహమే ఆ శవం అని సినిమా చెప్పదు, మన మనసు చెప్పేసుకుంటుంది. ఆ పత్రిక బొమ్మలు మొదట అచ్చయింది జనంలో యుద్ధోత్సాహం పెంచడానికి. ఇక్కడ అవే బొమ్మలు, పైన ఒక ముసలి గొంతు పెట్టేసరికి, వణుకు పుట్టించడానికి పనికొచ్చాయి.

వైఖరి దేని పట్ల?

‘యుద్ధం పట్ల వైఖరి’ అని ఒకే మూటగా కట్టేస్తే అయోమయమే మిగులుతుంది. సినిమాలో నాలుగైదు వేర్వేరు వైఖరులు వేర్వేరు వేగాల్లో కదులుతాయి. దేశం, రాజు అన్న మాటలు త్వరగా రాలిపోతాయి. కందకం చేరాక వాటి ఊసే తక్కువ. ఆ చోటును పక్కవాడు ఆక్రమిస్తాడు. ఎందుకు నిలబడ్డావంటే వాడు నిలబడ్డాడు కాబట్టి. ఇది యుద్ధాన్ని వద్దనుకోవడమూ కాదు, కావాలనుకోవడమూ కాదు. అధికారుల మీద కోపం ఉన్నా, తమ దళం చిన్న అధికారి అంటే ప్రాణమిచ్చేవాళ్లున్నారు. పని మీద మాత్రం కూలివాడి గర్వం లాంటిది చివరిదాకా ఉంటుంది.

శత్రువు పట్ల మార్పు అన్నిటికంటే స్పష్టంగా, బొమ్మలోనే, కనిపిస్తుంది. చేరేటప్పుడు జర్మన్ అంటే పత్రికల్లో వేసిన రాక్షసుడు. కందకాల్లో ఉండగా తేడాలు తెలుస్తాయి. జర్మనీలోనే ఏ ప్రాంతంవాళ్లో చూసి, ప్రష్యన్లు కఠినం, శాక్సన్లు, బవేరియన్లు ఫరవాలేదు అనే లెక్కలు మొదలవుతాయి. ఖైదీలు దొరికాక వాళ్లే బ్రిటిష్ గాయపడ్డవాళ్ల స్ట్రెచర్లు మోస్తారు, టోపీలు మార్చుకుని నవ్వుకుంటారు, సిగరెట్టు పంచుకుంటారు. ఈ ముక్కల్లో గొంతులేమీ చెప్పకపోయినా సరిపోయేది. ఇది 1960ల జ్ఞాపకం రంగు పూసిన మార్పు కాదు, ఫిల్ము మీద అప్పుడే పడినది. ఈ సినిమాలో సైనికుల వైఖరి మారిందనడానికి గట్టి ఆధారం ఏదంటే నేను ఇదే చూపిస్తాను.

మాట్లాడనివాళ్లను కూడా లెక్కలోకి తీసుకోవాలి. రికార్డింగు యంత్రం ముందు కూర్చున్నవాళ్లు బతికొచ్చి, మరో 45 ఏళ్ల పైన బతికి, మాట్లాడటానికి ఒప్పుకున్నవాళ్లు. పారిపోయారని, పిరికితనం చూపారని బ్రిటిష్ సైన్యం కాల్చి చంపిన 306 మందికి 2006లో క్షమాభిక్ష దొరికింది కానీ గొంతు దొరకదు. మనసు చెదిరి ఆస్పత్రుల్లో ఉండిపోయినవాళ్లదీ అంతే. 1916 మొదట్లో నిర్బంధ సైనిక సేవ చట్టం వచ్చాక చేరినవాళ్లు మొత్తం బ్రిటిష్ సైన్యంలో దాదాపు సగం. ‘ఉత్సాహంగా చేరారు’ అనే మొదటి మెట్టు వాళ్లకు లేనే లేదు. సినిమా చేరిక ఘట్టం దాదాపు స్వచ్ఛందంగా వచ్చినవాళ్లదే కాబట్టి, సగంమంది కథకు మొదలు కత్తిరించినట్టయింది.

మన దేశపు సైనికులదీ ఇదే పరిస్థితి. భారతదేశం నుంచి ఆ యుద్ధానికి పది లక్షలకు పైగా మంది సముద్రాలు దాటారు, 74,000 మందికి పైగా చనిపోయారు. 1914 సెప్టెంబరు చివర్లో మార్సెయ్ రేవులో దిగిన సిపాయిలు ఆ చలికాలమంతా ఫ్రాన్సు కందకాల్లోనే ఉన్నారు. ఈ సినిమా ఒక సామాన్య బ్రిటిష్ పదాతి సైనికుడి అనుభవానికే పరిమితమైంది కాబట్టి వాళ్లు లోపలికి రాలేదు. (వచ్చినా తెలుగు గొంతులు వినిపించేవి తక్కువే. 19వ శతాబ్దం చివర్లో, కొన్ని జాతులే పోరుకు పనికొస్తాయనే ‘యుద్ధజాతుల’ సిద్ధాంతం పట్టుకుని మద్రాస్ సైన్యంలోకి తెలుగువాళ్లను తీసుకోవడం బాగా తగ్గించేశారు. 1857కు ముందు ఈస్టిండియా కుంపిణీకి అన్ని యుద్ధాలు చేసిపెట్టిన వాళ్ల మనవలు ఆ లెక్కలో పనికిరాకుండా పోయారు.)

అయితే సిపాయిల వైఖరి తెలుసుకోవడానికి వేరే దారి ఉంది, అది ఈ సినిమా దారికి నేరుగా వ్యతిరేకం. వాళ్ల ఉత్తరాలను సెన్సారు చేసే కార్యాలయం ఫ్రాన్సులో ఉండేది. అధికారులు ఆసక్తికరమైన భాగాలను ఇంగ్లీషులోకి అనువదించి వారం వారం నివేదికలు రాశారు. అవి ఇప్పుడు బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. ఇవి 50 ఏళ్ల తర్వాతి జ్ఞాపకాలు కావు, ఆ వారపు మాటలు. 1915 జనవరిలో గాయపడి ఇంగ్లండు ఆస్పత్రిలో ఉన్న ఒక రాజపుత్ర సిపాయి, ఇది యుద్ధం కాదు ప్రపంచానికి అంతం, మన పూర్వీకుల మహాభారతంలో చెప్పిన లాంటి యుద్ధం అని రాశాడు. ఇంకొందరు సెన్సారు కళ్లు గప్పడానికి నల్ల మిరియాలు అయిపోయాయి, ఎర్ర మిరపకాయలు తెప్పిస్తున్నారు అని రాసేవాళ్లు. నల్లవి భారతీయ దళాలు, ఎర్రవి బ్రిటిష్ దళాలు. అధికారులకు ఆ గుట్టు తెలిసిపోయింది కాబట్టే మనకూ తెలిసింది.

ఇవి మాత్రం స్వచ్ఛమైన సాక్ష్యమా అంటే, కాదు. చాలామంది చదువురాక ఇంకొకరి చేత రాయించారు. సెన్సారు ఉందని తెలిసి రాయించారు. ఇంట్లోవాళ్లు బెంగపడతారని మింగేసినవి ఉంటాయి. తమ్ముణ్ని సైన్యంలో చేరొద్దని చెప్పడానికి ఎక్కువచేసి రాసినవీ ఉంటాయి. మిగిలినవి సెన్సారు అధికారి ఏరిన ముక్కలు, అవీ అనువాదంలో. 1915 నాటి ఉత్తరానికి దాని వంకర ఉంది, 1964 నాటి గొంతుకు దాని వంకర ఉంది. వంకర ఎటువైపో తెలిస్తే రెంటినీ వాడుకోవచ్చు.

ఈ రెండు దూరాల మధ్య నిలబడే సినిమా ఒకటుంది, పోల్చి చూడటానికి బాగా పనికొస్తుంది. టిమ్ హెదరింగ్టన్, సెబాస్టియన్ యుంగర్ 2010లో తెచ్చిన ‘రెస్ట్రెపో’. 2007లో ఆఫ్ఘనిస్తాన్‌లోని కొరెంగాల్ లోయకు 15 నెలల డ్యూటీకి వెళ్లిన ఒక చిన్న అమెరికన్ దళంతో (ప్లటూన్) వాళ్లిద్దరూ మార్చి మార్చి గడిపారు. దళం వైద్య సహాయకుడు రెస్ట్రెపో మొదట్లోనే చనిపోతే ఆయన పేరే శిఖరం మీది కాపలా స్థావరానికి పెట్టారు, అదే సినిమా పేరైంది. ఇక్కడా వ్యాఖ్యాత లేడు, సేనాధిపతుల ఇంటర్వ్యూలు లేవు. కానీ మొహాలకు పేర్లున్నాయి. అదే మనిషి మొదట విమానమెక్కేముందు, తర్వాత లోయలో, ఆ తర్వాత ఇటలీలోని విచెంజా స్థావరంలో, నల్లటి గోడ ముందు దగ్గరి షాటులో కనిపిస్తాడు. ఆ ఇంటర్వ్యూలు తీసింది తిరిగొచ్చిన దాదాపు మూడు నెలలకు. మాటలు ఇంకా కుదురుకోలేదు. కాల్పుల్లో ఉండే మత్తు ఏ మందులోనూ రాదని లోయలో కేరింతలు కొట్టిన దళంలోనే, నిద్రలో కనిపించే దృశ్యాల కన్నా నిద్ర లేకపోవడమే నయమనేవాడు ఉన్నాడు. చెబుతూ నవ్వుతాడు, నవ్వు నిలవదు. యుద్ధం తప్పని ఎవరూ తేల్చి చెప్పరు. చెప్పాలంటే కథకు ఒక ఆకారం రావాలి. మూడు నెలల్లో అది రాదు, యాభై ఏళ్లలో వస్తుంది. జాక్సన్‌కు దొరికిన గొంతులు అంత నింపాదిగా, కొన్నిచోట్ల హాస్యంగా ఉండటానికి అదే కారణం. ఎన్నోసార్లు చెప్పి చెప్పి నునుపుదేలిన సంగతులవి.

ఆకారాన్ని డబ్బిచ్చినవాళ్లే ముందుగా తయారుచేసి ఇస్తే ఏమవుతుందో హాలీవుడ్ దర్శకుడు జాన్ హ్యూస్టన్ తీసిన ‘లెట్ దేర్ బీ లైట్’ చూపిస్తుంది. అమెరికా సైన్యమే తీయించింది, 1946లో పూర్తయింది. న్యూయార్క్ దగ్గర లాంగ్ ఐలండ్‌లోని ఆస్పత్రిలో, రెండో ప్రపంచ యుద్ధంలో మనసు దెబ్బతిన్న సైనికుల చికిత్సను నేరుగా కెమెరాకెక్కించారు. మొదట మాట పడిపోయినవాడు, నడక పోయినవాడు, చివర్లో బంతాట ఆడతాడు. జబ్బు నుంచి నయం దాకా తిన్నని గీత. అయినా తీయించిన సైన్యమే దాన్ని 1980 చివరిదాకా తొక్కిపెట్టింది. ముగింపు ఎంత చక్కగా ఉన్నా, మొదటి అరగంటలో చూసిన మొహాలను అది చెరపలేకపోయింది.

జాక్సన్ సినిమా చివరి పది నిమిషాలు ఇందుకు తారుమారు. 1918 నవంబరు 11, ఉదయం 11 గంటలకు కాల్పులు ఆగుతాయి. కేరింతలు లేవు. ఒక్కసారిగా కొలువు పోయినట్టు, ఇక ఏం చేయాలో తెలియనట్టు అనిపించిందని గొంతులు చెబుతాయి. దేశమంతా తమకోసం ఎదురుచూస్తుందనుకుని వచ్చినవాళ్లకు, మాజీ సైనికులు దరఖాస్తు చేయనక్కర్లేదన్న బోర్డులు ఎదురవుతాయి. ఇంట్లోవాళ్లు అడగరు, అడిగినా నమ్మరు. చెప్పడం మానేస్తారు. బొమ్మ చిన్నదై, రంగు పోయి ఉంటుంది. యుద్ధానికి ముందు ఒక దుకాణంలో పనిచేసిన ఒకాయన తిరిగి అదే కౌంటర్ దగ్గరికి వెళ్తాడు. తోటి ఉద్యోగి ఆయన్ను చూసి, ఇన్నాళ్లూ ఎక్కడికెళ్లావు, రాత్రి డ్యూటీలోనా అని అడుగుతాడు.